సుజురికి విరుగుడు

మొదట దాన్ని చూసి నవ్వుతారు.
మెడలో ఇత్తడి గంట, ఒంటినిండా నాచు,
నత్తతో పందెం వేసినా ఓడే నడక.
సుజురి. నీటిబల్లి జాతి.
వేగం ఇరవై ఒకటి. దాడి చెప్పుకోదగ్గది కాదు.
మార్చుకుందామన్నా తీసుకునేవాడుండడు.

కానీ కొట్టి చూడు.
కొట్టిన ప్రతిసారీ గంట మోగుతుంది,
మోగిన ప్రతిసారీ కొట్టినవాడి కాళ్లు ఇంకాస్త బరువెక్కుతాయి.
మూడు దెబ్బలకి
నీ మెరుపు డేగ కూడా తడిసిన దుప్పటే.
అప్పుడు లేస్తుందది.
తిన్నవన్నీ వడ్డీతో సహా
ఒక్కసారే అప్పజెబుతుంది.

పదకొండు నెలలు మోశాను దాన్ని.
హకొదాతెలో, రేవు వెనక, ఆటబొమ్మల కొట్టు మేడమీద
నెలకో ఆదివారం పోటీ.
చేపల డబ్బాల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
చేతుల్లో ఇంకా కానాగంతల వాసనతోనే వచ్చి కూర్చునేదాన్ని.
స్కూలు పిల్లలు కుర్చీలు కాస్త జరుపుకునేవాళ్లు.
జరుపుకోనీ.
తొందరపడేవాళ్లంటే నాకూ సుజురికీ ఆకలి.

తడినాచు తొడగాలి,
పాయింట్లలో ముప్పాతిక ఓర్పులో పోయాలి,
రెండోదిగా దింపాలి. మొదట కాదు.
మొదట్లో ఎదుటివాడు ఇంకా ఆలోచిస్తుంటాడు.
ఒకటి పోగొట్టుకుని ఒళ్లు మండుతున్నప్పుడు దింపాలి.
కోపమే దాని మేత.

నన్ను ఓడించింది తొకుజిరో,
ట్రాము నడిపి రిటైరైన మనిషి.
సుజురి దిగింది. ఆయన కొట్టలేదు.
'కాచుకో' నొక్కాడు. మళ్లీ కాచుకో. మళ్లీ.
మధ్యలో ఫ్లాస్కు మూత తీసి బార్లీ టీ పోసుకున్నాడు.
ఆరు వంతులు దాటితే నాచు ఆరిపోతుందని
నాకెలా తెలుస్తుంది?
అంతసేపు దాన్ని కొట్టకుండా ఉన్నవాడు
అప్పటిదాకా తగల్లేదుగా.
ఏడో వంతులో గంట నాలుక అంటుకుపోయింది.
ఒక్క గోటిదెబ్బ చాలింది.
గెలిచినట్టు కూడా లేడాయన,
స్టాపు వచ్చిందన్నట్టు లేచాడు.

ఇవాళ, ఫిబ్రవరి. కిటికీ అంచున జానెడు మంచు.
ఎదురుగా ఇత్సుకి, పన్నెండేళ్లు,
ముందుపన్ను సగం విరిగింది.
రెండోదిగా దింపాడు
సుజురిని.
తడినాచు. ఓర్పు. అన్నీ నా లెక్కలే.
నా కుర్చీ వెనక నిలబడి చూసి చూసి పట్టేశాడు దొంగ.

తెరమీంచి అది నన్ను చూస్తోంది,
ఎప్పుడూ ఎరగనట్టు.
ఇంటిగుట్టు లంకకు చేటంటారే,
ఆ గుట్టు నేనే.

కాచుకో.
కాచుకో.
బొటనవేలు దాడి మీటకేసి దానంతటదే జరుగుతోంది,
రెండో చేత్తో పట్టుకున్నాను.
ఊరుకోవడానికి ఇంత బలం కావాలని
ఆ ట్రాము మనిషి చెప్పనేలేదు.
నాలుగు. ఐదు.
బల్లకింద ఇత్సుకి మోకాలు ఊగుతోంది.
"కొట్టవేం?"
ఆరు.

గంట మూగబోయింది.
కొట్టాను. కొట్టేటప్పుడు, దాచడమెందుకు,
తెరమీద చూపు నిలపలేదు.

ఏడుస్తాడనుకున్నా.
సంచిలోంచి గళ్ల నోటుబుక్కు తీసి,
పెన్సిలు మొన నాలిక మీద తడిపి,
"మరి ఊరకుండేవాళ్లకి విరుగుడేంటి?" అన్నాడు.

ఉంది.
తొకుజిరో మీద తీర్చుకుందామని
చలికాలమంతా వెతికి దాచుకున్నది.
ఆయనేమో ఈమధ్య రావడంలేదు,
మోకాళ్లట, మేడమెట్లట.

"రాసుకో," అన్నాను.
"వాన పిలిచేదాన్ని ముందు దింపు.
వానలో నాచు ఆరదు."

రాసుకున్నాడు. కింద గీత గీశాడు, రెండుసార్లు.

ఆ రాత్రి షిఫ్టులో
డబ్బా మీద డబ్బాకి మూత పడుతుంటే
నేను వానకి విరుగుడు ఆలోచిస్తున్నాను.